ఇంటి సామాను లోడు కాదు

గేటును గుద్దిన మాట నిజం. గుద్దింది చిన్నకోడలన్నదీ నిజం. ఈ రెండూ చేతికి దొరికాక, మూడో సంగతి ఏమైనా ఉందేమో వెతుకుదామన్న ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

జరిగింది ఇంతే. పని ముగించుకుని వస్తూ ఆమె తమ వీధి పల్లంలోకి దిగింది. బండి చిన్నదేం కాదు. ఇంటిల్లిపాదీ ‘మన ఎస్‌యూవీ’ అని నోరారా పిలుచుకునే ఏడు సీట్ల డీజిలు బండి. పల్లం చివర తమ ఇంటి గేటు తెరిచి ఉంటుందనుకుంది, మూసి ఉంది. బ్రేకు తొక్కింది. తొక్కాల్సిన చోటే తొక్కింది. బండి విన్నట్టే విని, ఇంకాస్త ముందుకు జరిగి, గేటును వంచి, ఆ తర్వాత తీరిగ్గా ఆగింది. బండి ముందున్న ఇనప గార్డుకు గీత కూడా పడలేదు. గేటు మాత్రం నడుం పట్టేసిన మనిషిలా ఒంగిపోయింది.

ఆ సాయంత్రం హాల్లో పంచాయితీ పెట్టారు. మామగారు వాలుకుర్చీలో, బావగారు సోఫా అంచున, అత్తగారు వంటింటి గుమ్మంలో, మొగుడు ఎటూ కాకుండా కిటికీ దగ్గర. ఆమెకూ కుర్చీ వేశారు గాని కూర్చోబుద్ధి కాలేదు.

“బ్రేకు లేటుగా తొక్కావు,” అన్నారు బావగారు.

“లేటుగా తొక్కలేదు బావగారూ.”

“మరి బండి ఎందుకు ఆగలేదు? దానికి నీ మీద ఏమైనా కోపమా?”

“అసలు నీకు తొక్కుడు ఎక్కువమ్మా,” అందుకున్నారు మామగారు. “మొన్నటికి మొన్న ట్యాంకు నింపించానా, అప్పుడే ముల్లు కిందపడి దొర్లుతోంది. ఆ బంకువాడి పిల్లల్ని మనమే చదివిస్తున్నట్టుంది.”

“నేను మెల్లిగానే నడుపుతాను.”

“మెల్లిగా నడిపితే డీజిలు ఎవరు తాగారు, నేనా?”

“పోనీలెండి, పిల్లకి దెబ్బ తగల్లేదు, అదే పదివేలు,” అనబోయారు అత్తగారు. ఆ మాట గాల్లోనే పోయింది. మామగారు అప్పటికే లేచి తాళంచెవి జేబులో వేసుకున్నారు. బావగారికి తెలిసిన డ్రైవరొకడు ఉన్నాడట, సోమవారం తర్వాత వాడు వస్తాడట. అయితే వాడికి మధ్యాహ్నాలు మాత్రమే ఖాళీ. అందరూ తలలూపారు. మొగుడు కూడా ఊపాడు. ఊపాక ఆమె వంక చూసి, ఊపడం ఆపాడు.

ఆమె నర్సు. కొండ మీద చెల్లాచెదురుగా ఉన్న ఇళ్లకు పొద్దున్నే వెళ్లి, బాలింతల్ని పలకరించి, పసిబిడ్డల్ని తూచి, సూదిమందులు వేసి రావడం ఆమె పని. అంతకుముందు చాలా ఏళ్లు ఆస్పత్రిలో పేర్లు రాసుకునే బల్ల వెనక కూర్చుంది. ఆ బల్ల అంటే ఆమెకు ఒళ్లుమంట. సొంత బండి ఉన్నవాళ్లకే కొండ పని ఇస్తామంటే, ఆ ఒక్క కారణంతో డ్రైవింగు నేర్చుకుంది. కొండ మీద పని పొద్దుటి పూట. మధ్యాహ్నం డ్రైవరుతో ఆమె చేసేదేం లేదు. తాళంచెవి మామగారి జేబులో ఉన్నంతకాలం ఆమె గమ్యం మళ్లీ ఆ బల్ల వెనక కుర్చీయే.

హాల్లో ఉన్నంతసేపూ ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. భోజనం చేసి గిన్నెలు కడిగేసరికి ఏడుపు పోయి కోపం వచ్చింది. కోపం వచ్చాక బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది.

ఆస్పత్రికి కూడా అచ్చం ఇలాంటి బండే ఉంది. అదే కంపెనీ, అదే ఇంజను, పైగా దీనికంటే పాతది. కిందటి నెల దాని డ్రైవరు జ్వరంతో పడుకుంటే రెండు రోజులు ఆమే నడిపింది. అదే కొండ ఎక్కింది. ఆ బండి ఆడుతూ పాడుతూ ఎక్కింది, కాలు పెట్టీపెట్టగానే ఆగింది. ఇంటి బండి అయితే ఎత్తు రాగానే మూలుగుతుంది, స్టీరింగు చేతిలో తేలిపోతుంది, మలుపులో పైభాగం ఓ పక్కకు ఒరిగి గుండె జారిపోతుంది. ఎప్పుడైనా చీకట్లో బండి తీస్తే ఎదురొచ్చే ప్రతివాడూ లైట్లు కొట్టి తిట్టుకుంటూ పోతాడు. ఆమె లైట్లు దించే ఉన్నా సరే. ఇన్నాళ్లూ వీటన్నిటికీ ఆమె చెప్పుకున్న కారణం ఒక్కటే: నాకు చేతకావడం లేదు. అది తలుచుకుంటే ఆమెకు ఇప్పుడు బావగారి మీద కంటే తన మీదే ఎక్కువ మండింది.

మర్నాడు ఆదివారం. మామగారు పేపరు చదువుతున్నారు.

“మావయ్యగారూ, ఒక్క గంట తాళం ఇవ్వండి.”

“ఎక్కడికి?”

“మీ కాటాకి.”

మామగారు పేపరు దించారు. ఊరి బయట పెద్దరోడ్డు పక్కన లారీలు తూచే కాటా ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన అక్కడే చేశారు. వీధిలో ఆయన్ని ఇప్పటికీ కాటాగారనే పిలుస్తారు. ఎక్కువ లోడు వేసుకొచ్చిన లారీని కంటితో చూసి పట్టేసేవారు. డ్రైవర్లు దూరం నుంచి ఆయన చొక్కా కనిపిస్తే చాలు గుటకలు మింగేవారట. ‘ట’ ఎందుకంటే అది ఆయన చెప్పిందే. అయినా అబద్ధం కాకపోవచ్చు.

“ఊళ్లో బండ్లన్నీ తూచారు. మన బండిని ఒక్కసారైనా తూచారా?”

“మనదేమైనా లారీనా? ఖాళీ బండిని కాటా ఎక్కిస్తే నవ్విపోతారు.”

“నవ్వనివ్వండి.”

“ఇది మరీ బాగుంది. గుద్దిందేమో నువ్వు, తూచాల్సింది బండినా?”

“అవును. బండినే.”

ఆ ఇంట్లో మామగారి మొహం మీద ఆ తీరున మాట్లాడినవాళ్లు లేరు. ఆయన కాసేపు గుడ్లురిమి చూశారు. ఆమె చూపు తిప్పుకోలేదు. చివరికి ఆయన లేచి చొక్కా వేసుకున్నారు. ఒప్పుకుని కాదు, ఈ పిల్ల నోరు ఒకేసారి మూయిద్దామని.

కాటా దగ్గర ఇప్పుడున్న మనిషి ఒకప్పుడు మామగారి చేతికింద పనిచేసినవాడు. అప్పట్లో జుట్టుండేదట, ఇప్పుడు బట్టతల. ఆయన్ని చూడగానే కుర్చీలోంచి లేచి, “రండి సార్, ఎన్నాళ్లకి!” అని చేతులు పట్టుకున్నాడు. ఆమె బండిని నేరుగా ఇనపపలక మీదికి ఎక్కించింది. ఇద్దరూ దిగారు. గది కిటికీలో ఎర్రటి అంకెలు పరిగెత్తి ఓ చోట నిలబడ్డాయి. బట్టతల ఆయన అంకెల వంక చూశాడు, బండి కాగితంలో రాసి ఉన్న ఖాళీ బరువు చూశాడు, మళ్లీ అంకెలు చూశాడు.

“లోపల లోడేముంది సార్?”

“లోడేంటయ్యా. ఖాళీ బండి.”

“ఖాళీ బండి మీద ఏడుగురు పెద్దమనుషులు ఎక్కి కూర్చున్నంత చూపిస్తోంది సార్.”

“నీ కాటా చెడినట్టుంది.”

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. “పొద్దున్నే సరిచూశాను సార్. కాటా మీద మాట పడనివ్వకూడదని నేర్పింది మీరేగా.”

మామగారు బండి చుట్టూ ఓసారి తిరిగారు. వెనక భాగం కుంగి, ముందు భాగం లైట్లతో సహా ఆకాశం చూస్తోంది. ఇదే లారీ అయితే ఫర్లాంగు దూరం నుంచే పట్టేసుకునేవారు. రోజూ ఇంటి ముందుండే బండి కదా, కంటికి ఆనలేదు.

“ఏవో రెండు మూడు ఇంటి సామాన్లు ఉండి ఉంటాయి,” అన్నారు. “అది లోడు కాదు.”

బట్టతల ఆయన నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. మామగారికి అప్పుడు వినబడింది తనన్న మాట. పట్టుబడ్డ ప్రతి లారీ డ్రైవరూ ఆయనతో ఇదే అనేవాడు. ‘అది లోడు కాదు సార్, మా ఇంటి సామాను’ అని. వాళ్ల యాసతో సహా ఆ మాటను అనుకరించి, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ వినిపించి, కడుపుబ్బ నవ్వించేవారు. కోడలు కూడా మర్యాద కోసం నవ్వేది. ఇప్పుడు ఆమె నవ్వలేదు. ఆయన చెవులు ఎర్రబడటం చూసి ఆమెకు సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆమె బట్టతల ఆయనకు గేటు సంగతి, డీజిలు సంగతి చెప్పింది. “ఒక పక్క ఇంత బరువు, ఇంకో పక్క పల్లం,” అన్నాడాయన, ఎవరితోనో అన్నట్టు. “తొక్కగానే ఎలా ఆగుతుందండీ? ఎత్తు ఎక్కాలంటే డీజిలు పొయ్యాల్సిందే.”



ఇంటికి రాగానే ఆమె చీర కుచ్చిళ్లు దోపి బండి వెనక తలుపు ఎత్తింది. ముందు రెండు ఇసుకబస్తాలు. ఎప్పుడో వానల్లో వెనక చక్రాలు జారాయని మామగారు వేయించారు. ఆ వానలు వెలిసి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. ఇసుక తడిసి బండరాయైంది. వాటి వెనక అత్తగారి కుట్టుమిషను తల, పోత ఇనుముది, బాగుచేయించడానికి బయల్దేరి బండిలోనే కాపురం పెట్టింది. బావగారు కండలు పెంచుదామని కొన్న ఇనప దిమ్మలు. ఇంట్లో చోటు లేదని బండి ఎక్కాయి, కండల సంగతి సరేసరి. సీటు కింద పెట్టెల నిండా నేల పలకలు. అవి ఆమె మొగుడివి. వాడిది పలకల దుకాణం. కొనేవాళ్లకు చూపించడానికని నమూనాలు పెట్టుకున్నాడు, రంగుకొకటి చాలదని సైజుకొకటి. బండి నెత్తిన క్యారేజీ, దాని మీద నిచ్చెన, రెండో స్టెప్నీ, అది చాలదన్నట్టు ఓ పాత మడతమంచం.

అన్నీ దించి, ఈడ్చి లోపలికి చేర్చేసరికి హాలు సగం నిండింది. ఆదివారం కునుకులోంచి లేచొచ్చిన బావగారు గుమ్మంలో కాలు పెట్టే చోటు లేక నిలబడిపోయారు.

“ఏంటిదంతా?”

“మన ఖాళీ బండి,” అంది ఆమె.

“నా మిషను అందులో ఉందటే!” అత్తగారు ముక్కు మీద వేలేసుకున్నారు. “ఇల్లంతా వెతికానే!”

మొగుడు పలకల పెట్టెల వంక తేలు కుట్టిన దొంగలా చూసి నీళ్లు నమిలాడు. “ఒక్కో పలకా తేలిగ్గానే ఉంటుంది...”

“నిన్న హాల్లో తలూపావు కదా. ఊపేముందు వీటిని దించాల్సింది.”

 వాడు చొక్కా చేతులు మడిచి, ఓ ఇసుకబస్తా చివర పట్టుకుని హాల్లోంచి బయటికి లాగడం మొదలుపెట్టాడు. అదొక్కటీ ఆమె లెక్కలోకి తీసుకుంది.

బండిలో చివరగా మిగిలినవి రెండు అట్టపెట్టెలు. పసిపిల్లల పెంపకం గురించి ఆస్పత్రివాళ్లు వేయించిన కరపత్రాలు. తల్లులు వాటిని ఒక్కరూ చదవరని తెలిసి కూడా, పారేయడానికి మనసొప్పక ఆమే మోసుకు తిరుగుతోంది. ఒక్క క్షణం వాటిని అక్కడే వదిలేద్దామా అనిపించింది. ఎత్తి తెచ్చి హాలు మధ్యలో ధబ్బున పడేసింది.

“ఇవి నావి. నా తప్పు నేను మోశాను. ఎవరివి వాళ్లు తీసుకోండి.”

ఇక ముందున్న ఇనప గార్డు మిగిలింది. అది బావగారి ముచ్చట. మీసం లేని మొహానికి మీసం పెట్టినట్టు బండికి దాన్ని పెట్టించుకున్నారు. ఆమె పానా తీసుకుని దాని దగ్గరికి నడిచేసరికి ఆయన ఒంటికాలి మీద లేచారు.

“దాని జోలికి వెళ్లకు! బరువుంటేనే బండి రోడ్డును పట్టుకుంటుంది. తేలిక బండి గాలికి కొట్టుకుపోతుంది. నీకేం తెలుసు?”

“పట్టుకుంటుందా? అయితే సామానంతా మళ్లీ ఎక్కిద్దాం బావగారూ. మీరు వెళ్లి గేటుకు అడ్డంగా నిలబడండి. నేను పై నుంచి దిగి, అక్కడే బ్రేకు తొక్కుతాను.”

బావగారు ఒంగిన గేటును చూశారు. తమ్ముణ్ణి చూశారు. వాడు ఇసుకబస్తాతో కుస్తీ పడుతున్నాడు. తండ్రిని చూశారు. మామగారు ఆమె చేతిలోని పానా తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, గార్డు బోల్టులు ఒక్కొక్కటే విప్పారు.

కథ ఇక్కడితో అయిపోవాలి న్యాయంగా. ఆమె కూడా అలాగే అనుకుంది.

సోమవారం పొద్దున ఆమె సంచి భుజాన వేసుకుని బయటికొచ్చేసరికి మామగారు బండిలో ముందు సీటులో కూర్చుని ఉన్నారు. తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని. తాళంచెవి ఆయనే ఇచ్చారు. “పద. ఇకనుంచి రోజూ నేను తోడొస్తాను. పని అయ్యాక తాళం నా దగ్గరే ఉంటుంది. డ్రైవరు అక్కర్లేదని వాడికి చెప్పేశాను,” అన్నారు, వరం ఇచ్చినట్టు.

ఆలస్యమవుతోందని ఆమె బండి తీసింది.

బండి మారిపోయింది. ఇదివరకు రెండో గేరులో మూలుగుతూ ఎక్కిన చోట మూడులోనే ఎక్కింది. మలుపులో ఒరగలేదు. స్టీరింగు చెప్పిన మాట విన్నది. ఓ సైకిలతను అడ్డమొస్తే ఆమె కాలు పెట్టింది, బండి బుద్ధిగా ఆగింది. ఆమెకు గొంతు విప్పి పాడాలనిపించింది. కాని పక్కన మామగారు లేని బ్రేకును తన కాలి కింద ధనధనా తొక్కుతున్నారు. “మెల్లగా... మెల్లగా... హారను కొట్టు... అదిగో, కుక్క!” కుక్క ఎక్కడో పొలంలో ఉంది. ఆయన ‘అదిగో’ అన్నప్పుడల్లా ఆమె కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. చక్కగా ఎక్కుతున్న బండి ఎత్తు మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది.

“చూశావా,” అన్నారాయన. “ఇంకా సరిగ్గా రాలేదు నీకు.”

మొదటి ఇంట్లో పద్దెనిమిదేళ్ల బాలింత. బిడ్డ పాలు తాగడం లేదని ఆ పిల్ల కిందటివారమే ఏడ్చింది. ఈరోజు అన్నీ విడమరిచి మాట్లాడుకుందామని చెప్పి వచ్చింది నర్సు. మామగారు వెనకే దిగి, ముందుగదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. లోపలిగదికి తలుపు లేదు, తెర ఒక్కటే. ఆ పిల్ల తెర వంక చూసింది, పైట సర్దుకుంది, “అంతా బాగానే ఉందక్కా,” అంది. ఆమె ఎంత గుచ్చి అడిగినా ఆ ముక్కే. బిడ్డను తూస్తే కిందటివారం కంటే తగ్గింది. అయినా ఆ పిల్ల నోరు విప్పలేదు. బయట మామగారు గట్టిగా దగ్గి, “ఇంకా ఎంతసేపమ్మా?” అన్నారు.

ఇద్దరూ మళ్లీ బండి ఎక్కారు. కొంత దూరం పోయాక కొండ మలుపులో బస్సు ఆగే చోటు ఉంది. సిమెంటు బల్ల, రేకు కప్పు. అక్కడ బండి పక్కకు తీసి ఆపింది. ఇంజను ఆపలేదు.

“మావయ్యగారూ, దిగండి.”

“ఏం, టైరు పోయిందా?”

“టైరు బాగానే ఉంది. మీరు దిగండి. కిందికి బస్సు వస్తుంది.”

ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం కందగడ్డ అయింది. “బండి నా పేరున ఉంది, తెలుసా?”

“తెలుసు. బండి మీదే. ఇవ్వనంటే ఇక్కడే వదిలేసి, సంచి భుజాన వేసుకుని నడిచి ఎక్కుతాను. మీరు కాపలా కూర్చుంటే మాత్రం నడపను.”  ఆమె ఆపకుండా చెప్పుకుపోయింది. “గేటు ఎందుకు ఒంగిందో నిన్న మీకు తెలిసిపోయింది. మీకే కాదు, ఇంట్లో అందరికీ తెలిసింది. సామాన్లు ఎవరివి వాళ్లు సర్దుకున్నారు. నన్నన్న మాటలు మాత్రం ఒక్కరూ వెనక్కి తీసుకోలేదు. పైగా మీరు తోడొచ్చారు. ఎవరికి తోడు? ఆ పిల్ల మీ దగ్గు వినబడి బిడ్డ సంగతి దాచింది. నేను మళ్లీ వెనక్కి వెళ్లి అడగాలి. ఒక్కదాన్నే వెళ్లి అడగాలి.”

 మామగారు తలుపు తీసుకుని దిగారు. బల్ల మీద కూర్చోలేదు, నిలబడ్డారు. కిటికీలోంచి ఒంగి, “ఇసుకబస్తాలు వేయించినప్పట్నుంచీ చక్రాల్లో గాలి ఎక్కువే కొట్టిస్తున్నాను. ఇప్పుడు ఎక్కువైపోతుంది. కాస్త తీయించు,” అన్నారు.

“తీయిస్తాను.”

ఆ మాటతో ఆమె వెళ్లిపోతుందనుకున్నారేమో. ఆమె గేరు వేయలేదు. చేతులు స్టీరింగు మీద పెట్టుకుని, ఆయన వంకే చూస్తూ ఉంది. ఆయన బస్సు వచ్చే వైపు చూశారు. బస్సు జాడ లేదు. చొక్కా గుండీ ఒకటి విప్పి మళ్లీ పెట్టుకున్నారు.

“ఆరోజు నువ్వు బ్రేకు సరిగ్గానే తొక్కావమ్మా,” అన్నారు చివరికి, రోడ్డుతో అన్నట్టు.

ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి. ఆ మాట కోసం ఎంతగా ఎదురుచూసిందో వినేదాకా ఆమెకే తెలియదు. అయినా అక్కడితో సరిపెట్టుకోదలచలేదు.

“ఇక్కడ నేనొక్కదాన్నే విన్నాను మావయ్యగారూ. సాయంత్రం హాల్లో అందరి ముందూ అనండి. బావగారు లేకపోతే వచ్చేదాకా ఆగుదాం.”

ఆయన తలూపారు. తాళంచెవి సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు. బండి వెనక్కి తిప్పి, ఆ బాలింత ఇంటికే బయల్దేరింది.